గిల్లుడుంగరం

చామర్తి విశ్వపతి అవధానిగారికి ఆటో తగిలిన క్షణాన ఆయన కొవ్వూరు బస్టాండు ఎదుట లేరు. శరీరం అక్కడే ఉంది, చేతిలో కాకరకాయల సంచీ కూడా ఉంది. మనస్సు మాత్రం చిత్రకూట పర్వతం మీద, పద్యం రెండవ పాదంలో, యతి కుదిరే ఒక్క మాటకోసం పొదలు పొదలుగా వెతుక్కుంటోంది. ఆ మాట దొరికింది. దొరికిన ఆనందంలో కాలు రోడ్డుమీదికి దిగింది. ఆటోవాడు బ్రేకు తొక్కినా ఫలితం లేకపోయింది. ఎడమ మణికట్టు విరిగింది, కాకరకాయలు నలుదిక్కులకూ దొర్లిపోయాయి, పద్యం మాత్రం చెక్కు చెదరలేదు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు సిమెంటు కట్టు వేస్తూ, "నొప్పిగా ఉందా అవధానిగారూ?" అని అడిగాడు.

"నొప్పి సంగతి తరువాత చూద్దాం నాయనా. ముందు మూడవ పాదం విను," అన్నారాయన.

ఆ మాట గుమ్మంలో నిలబడిన ఆయన ధర్మపత్ని భ్రమరాంబగారి చెవిన పడింది. ఆవిడ చరచరా లోపలికి వచ్చి, ఆయన విరగని కుడిచేతిని తీసి తన నెత్తిన పెట్టుకున్నారు.

"ఒట్టు వేయండి."

"దేనికోయ్?"

"మన శ్రుతి తయారుచేస్తున్న ఉంగరం ఉంది కదా, అది వచ్చిన మరుక్షణం వేలికి పెట్టుకుంటానని. నేను చెప్పేదాకా తీయనని. స్నానమైనా సరే, సంధ్యావందనమైనా సరే."

విశ్వపతి అవధానిగారు జన్మలో అబద్ధమాడి ఎరుగరు. భార్య తలమీద చేయి ఉంచి, "ఒట్టు," అన్నారు. అంతటితో ఆ దంపతుల జీవితంలోకి విజ్ఞానశాస్త్రం ప్రవేశించింది.

శ్రుతకీర్తి వారి ఏకైక కుమార్తె. పాతబడిన బియ్యం మిల్లునొకదాన్ని అద్దెకు తీసుకుని, అందులో ప్రయోగశాల పెట్టుకుంది. ప్రమాదం చక్రం దగ్గరో, మెట్టు దగ్గరో, పొయ్యి దగ్గరో పుట్టదని, మనస్సు ఇల్లు విడిచి బయలుదేరిన చోట పుడుతుందని ఆ పిల్ల నమ్మకం. మనస్సు బయలుదేరే ముందు వేలికి ఒక కబురు చెప్పి వెళుతుందట. నాడిలో రవ్వంత తేడా, చర్మంలో రవ్వంత చెమ్మ. ఆ కబురును పట్టుకునేదే ఉంగరం.

ఆ సంగతి తండ్రికి మాటలతో చెప్పలేదు. మందుల దుకాణం తాతాజీని పిలిపించి చూపించింది. తాతాజీ అవధానిగారికి చిరకాల మిత్రుడు. వయసులో చిన్నవాడైనా నోటిలో పెద్దవాడు. అతని వేలికి ఉంగరం తొడిగి, ఒక సీసాలోని మందును మరొక సీసాలోకి వంచమంది. అతను శ్రద్ధగా వంచుతున్నాడు. శ్రుతకీర్తి ఉన్నట్టుండి, "తాతాజీ బాబాయ్, మీ వియ్యంకుడుగారు మొన్న మిమ్మల్ని ఏదో అన్నారటగా?" అంది.

ఉంగరం కిర్రుమని వేలిని గిల్లింది. తాతాజీ చేయి అక్కడే ఆగిపోయింది. సీసా అంచున నిలిచిన బొట్టు కింద పడలేదు.

"ఓర్నీ! ఏమన్నాడు?" అన్నాడతను, వేలిని చూసుకుంటూ.

"ఏమీ అనలేదు బాబాయ్. మీ మనస్సు గడప దాటబోయింది, ఇది జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. అంతే."

అంతవరకు బాగుంది. ఇక కొలత కావాలి. మనస్సు ఎంత కదిలితే కదిలినట్టు? ఎంత స్థిరంగా ఉంటే స్థిరమైనట్టు? పరిపూర్ణమైన ఏకాగ్రతకు ఒక నమూనా దొరికితే దానినిబట్టి అన్ని ఉంగరాలనూ దిద్దవచ్చు. నమూనా కోసం శ్రుతకీర్తికి ఎక్కడికో వెళ్ళవలసిన పని కలగలేదు. ఒకేసారి ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది రకాల ప్రశ్నలతో చుట్టుముడితే, ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున పద్యం చెబుతూ, మధ్యలో మోగే గంటలు లెక్కపెడుతూ, చిట్టచివర అన్ని పద్యాలనూ పొల్లుపోకుండా అప్పజెప్పే మనిషి ఆమె కన్నతండ్రి.

బియ్యం మిల్లులోనే అవధానం ఏర్పాటైంది. అప్రస్తుత ప్రసంగం యథావిధిగా తాతాజీది. అవధానికి అడ్డం తగలడం, సంబంధంలేని ప్రశ్నలతో ఏకాగ్రత చెడగొట్టడం ఆ పదవికి ధర్మం. "అవధానిగారూ, ఇడ్లీకి చట్నీ ఇల్లాలా, ఇలవేల్పా?" అని ఒకసారి, "పద్యానికి జ్వరమొస్తే ఏ మాత్ర వేయమంటారు?" అని ఒకసారి అడిగాడు. అవధానిగారు నవ్వుతూనే జవాబు చెప్పి, నవ్వుతూనే తరువాతి పాదం అందుకున్నారు. తెరమీద గీత వేసవిలో గోదావరిలాగా అలలేకుండా ప్రశాంతంగా సాగింది. ఉంగరం ఒక్కమారైనా గిల్లలేదు.

"ఇంతకన్న మంచి కొలత ముల్లోకాల్లో దొరకదు నాన్నగారూ!" అని శ్రుతకీర్తి పొంగిపోయి, ఆ గీతనే ప్రమాణంగా తీసుకుని ఉంగరాలన్నింటినీ దిద్దింది.

వేదిక ఎక్కిన అవధానిని చూసి ఊరంతటికీ కొలత తీసింది కాని, వేదిక దిగిన తండ్రి చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా మూత తీస్తాడనీ, చెప్పులలో ఒకటి తనది, ఒకటి పొరుగువాళ్ళది తొడుక్కుని గుడికి వెళతాడనీ ఆ బిడ్డకు ఆ సంతోషంలో గుర్తురాలేదు.

ఉంగరాలు ఊరంతా పంచారు. ఫలితం అద్భుతం. రోడ్డు-రైలు వంతెన దిగే మలుపులో లారీలు ఒద్దికగా తిరిగాయి. స్నానాలగదిలో జారిపడేవారు లేరు. కూరగాయలతోపాటు వేళ్ళు తరుక్కునేవారు లేరు. ఎముకల డాక్టరు పనిలేక వీణ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. జనం దానికి గిల్లుడుంగరమని పేరు పెట్టారు. వీధిలో ఎక్కడ చూసినా కిర్రు, కిర్రు. పురోహితుడు మంత్రం మధ్యలో దక్షిణ తలచుకుంటే కిర్రు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడు కాఫీకప్పు పట్టుకుని పిల్లవంక చూస్తే కిర్రు.

అందరిలోకీ ఎక్కువ గిల్లుళ్ళు తిన్నది అవధానిగారే.

"ఏమండోయ్ అవధానిగారూ," అని తాతాజీ దుకాణంలోనుంచి కేకవేసేవాడు, "వేదికమీద మునీశ్వరులు, వీధిలో మాత్రం మీ వేలు చీమల పుట్టలో పెట్టినట్టుందే!"

"నీ దుకాణం ముందుకు వచ్చేసరికే అది కూస్తోందయ్యా తాతాజీ. నిన్ను చూసి భయపడుతున్నట్టుంది."

నవ్వులకేమీ లోటులేదు. కాని ఒకనాటి ఉదయం తులసికోట దగ్గర నీళ్ళు పోస్తూ అవధానిగారు ఒక సంగతి గ్రహించి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఉంగరం వేలికి ఎక్కిన నాటినుంచి తనకు పద్యం రాలేదు.

వేదికమీద చెప్పేది వేరు. అక్కడ ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది. దానికి ముడిసరుకు మాత్రం ఈ నడకల్లో, ఈ నీళ్ళు పోయడాల్లో, కొబ్బరాకు మీద ఎండ మెరవడం చూస్తూ నిలబడిపోవడాల్లో సమకూరుతుంది. పద్యం వచ్చేముందు ఎక్కడో దూరాన వాన కురిసిన మట్టివాసన లాంటిదొకటి వస్తుంది. దాని వెంట వెళితే పద్యం కనబడుతుంది. ఇప్పుడు ఆ వాసన రాగానే ఉంగరం కిర్రుమంటోంది; ఆయన మళ్ళీ తులసికోట దగ్గర, చెంబుతో, క్షేమంగా ఉంటున్నారు.

అడుగు దూరంలో నాచుపట్టిన మెట్టు ఉంది. ఉంగరం చేసింది తప్పని ఎలా అనగలరు?

కూతురితో చెబుదామని ప్రయోగశాలకు వెళ్ళారు. ఆ పిల్ల తండ్రిని చేయిపట్టుకుని గోడమీది పటం దగ్గరికి తీసుకుపోయింది. కొవ్వూరు వీధులన్నీ గీసిన పటం. ప్రమాదం జరిగిన చోటల్లా ఎర్రచుక్క.

"ఇది నిరుటిది నాన్నగారూ. ఇదిగో, బడి ముందు మలుపు చూడండి, ఎంత ఎర్రగా ఉందో. ఇది ఈ ఏటిది."

రెండవ పటంలో బడి ముందు ఒక్క చుక్కా లేదు. అవధానిగారు దానివంక చాలాసేపు చూశారు. ఆ తెల్లటి జాగాలో ఎందరు పిల్లలు సంచులు ఊపుకుంటూ ఇంటికి వెళ్ళి ఉంటారో!

"ఏదో చెప్పాలని వచ్చారు?"

"అది తరువాత చూద్దాం తల్లీ. పటం చాలా బాగుంది," అన్నారు. బాగున్నమాట నిజమే కనుక అది అబద్ధం కాలేదు.

ఒట్టు వేసినది భార్య తలమీద. ఉంగరం కాపాడుతున్నది ఊరి పిల్లలను. వీటి ఎదుట తన పద్యమెంత? అలా సమాధానం చెప్పుకున్నారు కాని, శ్రీరామనవమి ముంచుకొస్తోంది. ఏటా గోష్పాద క్షేత్రం దగ్గర పందిరిలో అవధానం, చివర స్వామికి ఒక కొత్త పద్యం సమర్పించడం ఆయన యౌవనంనుంచి తప్పని నియమం. వట్టిచేతులతో స్వామి ఎదుట నిలబడడమెలాగన్న దిగులుకు అన్నం సయించలేదు.

నవమినాడు పందిరి కిటకిటలాడింది. వడపప్పు పంచారు, పానకం పంచారు. అవధానిగారు సరస్వతీ ప్రార్థన చేసి కూర్చున్నారు. ప్రశ్నలు మొదలయ్యాయి. పాదాలు వచ్చాయి, గణాలు కుదిరాయి, యతులు సరిపోయాయి, గంటల లెక్క తప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు, కాని ఒకరి ముఖానైనా వెలుగు కనబడలేదు. పట్టుచీర కట్టి, నగలు పెట్టి కూర్చోబెట్టిన బొమ్మల్లా ఉన్నాయి పద్యాలు. పలకరిస్తే పలకడం లేదు.

మూడవ ఆవృత్తిలో, మూడవ పాదాల వంతు వచ్చేసరికి, ఆయనే ఆగిపోయారు.

"అయ్యలారా, అమ్మలారా, క్షమించాలి. పద్యానికి అంగాలన్నీ ఉన్నాయి, ఊపిరి లేదు. ఈ ఏడు స్వామికి నా దగ్గర పద్యం లేదు."

పందిరి నిశ్శబ్దమైపోయింది. నిశ్శబ్దాన్ని భరించలేనివాడు తాతాజీ. మిత్రుణ్ణి గట్టెక్కించాలని, తన పదవికి తగ్గట్టు సంబంధంలేని ప్రశ్నే అందుకున్నాడు. అయితే అవధానిని అడగలేదు.

"అమ్మా భ్రమరాంబగారూ, మిమ్మల్నే! అయ్యగారి పరధ్యానం కుదిరింది కదా, ఇల్లు హాయిగా ఉందా?"

ఆడవారి వరుసలోనుంచి భ్రమరాంబగారు లేచారు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. పైటకొంగు భుజంచుట్టూ కప్పుకుని నిలబడ్డారు.

"ఆయనకు కుదిరింది నాయనా. కాఫీలో ఉప్పు పడడం లేదు. నా సంగతి ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పండమ్మా."

"నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చున్నప్పుడు మా అక్కయ్య వచ్చేది. పోయి చాలా ఏళ్ళైంది. రావడమంటే దయ్యమై కాదులే, భయపడకు. చేట చప్పుడుకు దాని గొంతు గుర్తొచ్చేది, అది పాడే మంగళహారతి పాట చరణం చరణంగా వచ్చేది. ఈ ఉంగరం పెట్టుకున్ననాటినుంచి మొదటి మాట దగ్గరే గిల్లుతోంది. బియ్యంలో రాయి ఒక్కటి మిగలడం లేదు. అక్కయ్య కూడా మిగలడం లేదు."

వేదికమీద అవధానిగారు కన్నార్పకుండా చూస్తున్నారు. పోగొట్టుకున్నది తానొక్కడే అనుకున్నారు ఇంతకాలమూ. ఒకే వంటింట్లో, ఒకే వసారాలో తిరుగుతూ ఆ ముఖంవంక ఒక్కసారి పరికించి చూడలేదు.

శ్రుతకీర్తి జనాన్ని తోసుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది. "అమ్మా, నాతో ఒక్కమాట చెప్పలేదేమమ్మా?"

"చెప్పాలని గుర్తురావాలి కదే. గుర్తొచ్చేలోపలే గిల్లుతోంది!"

పందిరి గొల్లుమంది. ఆ నవ్వు అడ్డుకట్ట తెంచింది. కూనిరాగం తీయలేకపోతున్నానని దర్జీ, జోలపాట మధ్యలో కిర్రుమంటే బిడ్డ లేచిపోతోందని ఒక బాలింత, పగటికలలు లేక బతుకు చప్పబడిందని కాలేజీ కుర్రవాడు, తలా ఒకటీ చెప్పారు. ఎవడో వెనుకనుంచి, "తీసి గోదాట్లో పారేద్దాం పట్టండి!" అన్నాడు. కొందరు అప్పుడే వేళ్ళు సవరించుకుంటున్నారు. శ్రుతకీర్తి ముఖం పాలిపోయింది.

"ఆగండి!" అన్న కేక వేదికమీదినుంచి వచ్చింది. పద్యం చెప్పేటప్పుడు కూడా అవధానిగారు అంత గొంతెత్తి ఎరుగరు. "ఎవరూ తీయవద్దు. బడి ముందు మలుపు ఎలా ఉండేదో మరిచిపోయారా? నా మణికట్టు సాక్షిగా చెబుతున్నాను. పద్యం రాకపోతే ఒక ముసలివాడు చిన్నబోతాడు. ఉంగరం లేకపోతే ఏ తల్లి ఇంట్లోనో దీపం ఆరిపోతుంది. నాకు పద్యం అక్కరలేదు."

ఆ చివరిమాట ఆయన నోటినుంచి వచ్చిందే కాని మనసునుంచి రాలేదు. అది భ్రమరాంబగారికి ఒక్కరికే తెలిసింది.

"చాల్లెండి," అన్నారావిడ. "అక్కరలేకపోవడమేమిటి? ఏమే శ్రుతీ, నేను మడి కట్టుకుని వంట చేస్తున్నప్పుడు నన్ను ఎవరైనా ముట్టుకుంటారా?"

"ముట్టుకోరు."

"మడి విడిచాక?"

"అప్పుడు అందరం మీద పడతాం."

"మరి మనసుకు కూడా ఒక మడి ఏర్పాటు చెయ్యి. రోడ్డుమీద, పొయ్యి దగ్గర, మెట్లమీద గిల్లనీ, బాగా గిల్లనీ. ఒక్క చోట మాత్రం అది మమ్మల్ని ముట్టుకోకూడదు. ముగ్గు వేసి హద్దు చూపిస్తే నీ ఉంగరానికి తెలియదూ?"

శ్రుతకీర్తి తన వేలికున్న ఉంగరాన్ని తిప్పి చూసుకుంది. మనిషి కూర్చున్నాడో నిలబడ్డాడో ఉంగరానికి తెలుసు. ఎక్కడ కూర్చున్నాడో, ఆ చోటు అపాయం లేనిదో కాదో తెలియదు. దానినే ఎలా తెలియజెప్పాలా అని చిక్కుపడి, చివరకు అంతటా గిల్లించింది తాను. చోటు సంగతి ఉంగరం కనిపెట్టనక్కరలేదు. మనుషులే హద్దు గీసి చెప్పవచ్చు.

"తెలుస్తుందమ్మా," అంది నెమ్మదిగా. "ముగ్గులో రాగి ఉంటే తెలుస్తుంది. కొలత కూడా నాన్నగారిది తీసేసి, మనబోటి మనుషులది పెట్టాలి."

మరునాటినుంచి ప్రయోగశాలలో కొత్త పరికరం ముగ్గుబుట్ట. బియ్యప్పిండిలో రాగిపొడి కలిపి తల్లి ముగ్గు పెడుతుంటే, కూతురు ఉంగరంతో హద్దు దాటుతూ లెక్కలు రాసుకుంది. ముగ్గు లోపల ఉంగరం మౌనం. గీత దాటితే మెలకువ. మొదటిరోజు సాయంత్రానికి ముగ్గు ఒకవైపు మాయమైపోయింది. చీమలు బియ్యప్పిండిని మోసుకుపోతూ హద్దును కూడా మోసుకుపోయాయి.

"అయితే రాతిపిండి వాడదాం అమ్మా."

"చీమలకు పెట్టని ముగ్గు ముగ్గెలా అవుతుందే?"

ఆ వాదం రెండుపూటలు నడిచింది. చివరకు లోపలి గీత రాగిది, నేలలో పొదిగి. బయటి గీత బియ్యప్పిండిది, చీమలకు. శాస్త్రం, ఆచారం పక్కపక్కనే కూర్చున్నాయి. ముగ్గు లోపల పొయ్యి ఉండకూడదు, కత్తి ఉండకూడదు, చక్రమున్న వస్తువు ఉండకూడదు, మెట్టు ఉండకూడదు. కూర్చోవడానికి అరుగు మాత్రం ఉండాలి. ఇదీ నిబంధన.

మొదటి ముగ్గరుగు గోష్పాదం రేవుకు పైన, వేపచెట్టు నీడలో వెలిసింది. దానిమీద మొదట కూర్చునే గౌరవం అవధాని దంపతులకు ఇచ్చారు. ఉంగరాలు వేళ్ళకే ఉన్నాయి. భ్రమరాంబగారు ఒట్టు విడిపిస్తానంటే అవధానిగారే వద్దన్నారు.

"ఇంటికి వెళ్ళేటప్పుడు రోడ్డు దాటాలి కదోయ్," అన్నారు.

గీతకు అవతల తాతాజీ, అతని వెనుక దర్జీ, కాలేజీ కుర్రవాడు, బిడ్డను ఎత్తుకున్న బాలింత వరసగా నిలబడ్డారు.

"అవధానిగారూ, త్వరగా కానివ్వండి! మేమూ పరధ్యానంగా ఉండాలి. దుకాణం తెరిచే వేళైంది," అని తాతాజీ గొణిగాడు.

"పరధ్యానానికి తొందరేమిటయ్యా! మాట్లాడకుండా నిలబడు."

గోదావరి మీద ఎండ పరుచుకుంటోంది. పడవ ఒకటి అవతలి ఒడ్డుకు పోతోంది. అవధానిగారు దానిని చూశారు, తరువాత చూడడం మానేశారు. ఎక్కడో దూరాన వాన కురిసిన మట్టివాసన వచ్చింది. ఆయన బెదురుగా వేలివంక చూసుకున్నారు. ఉంగరం కదలలేదు. మనస్సు ఇంకొక అడుగు వేసింది. కదలలేదు. ముళ్ళదారిలో ముందు నడుస్తున్న పాదాలు రెండు కనబడ్డాయి. వాటి వెంట ఆయన నిర్భయంగా వెళ్ళిపోయారు.

అడవి దారుల నడచిన యడుగులార,
బాట నున్నట్టి వారల పదములకును
ముందు నడచుచుఁ గాచుడు, మునిగిపోయి
తలపులో నేను కూర్చుందుఁ దమ్ముఁ గొలిచి.

నాలుగు పాదాలూ ఒక్క ఊపులో వచ్చాయి. వెతకలేదు, దిద్దలేదు. స్వామికి నవమినాటి బాకీ తీరిపోయింది. ఆయన కన్నులు చెమ్మగిల్లాయి. పెళ్ళైననాటినుంచి ఏ పద్యమైనా మొదట వినేది ఆ ఇల్లాలే. సంతోషం పట్టలేక పక్కకు తిరిగి, "భ్రమరా, విను!" అన్నారు.

భ్రమరాంబగారు వినలేదు.

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో లేని చేటను పట్టుకున్నట్టు నెమ్మదిగా ఊగుతున్నాయి. కళ్ళు నీటిమీద ఉన్నాయి కాని నీటిని చూడడం లేదు. పెదవులు కదులుతున్నాయి. మంగళహారతి పాట మొదటి చరణం దాటింది, రెండవది దాటింది. ముఖాన చిన్నపిల్ల నవ్వు. పక్కన ఎవరో కూర్చున్నట్టు, ఆవిడ రవ్వంత జరిగి చోటిచ్చారు.

పద్యం అవధానిగారి నాలుక చివర నిప్పుకణికలా ఉంది. గీత అవతల తాతాజీ ఏదో అనడానికి నోరు తెరిచాడు. అవధానిగారు పెదవులమీద వేలుంచి వారించారు. ఆ తరువాత ఆయన కూడా రవ్వంత జరిగి, ఆ వచ్చినవారికి ఇంకాస్త చోటిచ్చి, భార్య తిరిగి వచ్చేదాకా పద్యాన్ని నోటిలోనే దాచుకుని కూర్చున్నారు.